హీరో మన మాట మాట్లాడితే మూస పోయినట్టేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్పుకుంటాను. మీ అబ్బాయి హన్మకొండలో ఇంటర్ చదివి వేరే రాష్ట్రంలో ఇంజినీరింగ్‌లో చేరాడు. అక్కడ తెలుగు స్నేహితులే అతను "మా బాపు అచ్చిండు" అంటే పడీ పడీ నవ్వారు, సినిమాలో కమెడియన్‌లా ఉందన్నారు. ఉత్తరాది పిల్లలేమో తెలుగువాళ్లందరినీ కలిపి "మద్రాసీ" అన్నారు. ఇప్పుడు హీరోలే మన భాష మాట్లాడుతున్నారు కదా, ఇంకా ఈ ముద్ర ఎందుకు పోలేదన్నది మీ మొదటి ప్రశ్న. ఇలాంటివి పట్టించుకుంటూ పోతే మనమంతా ఒకే దేశం అనే భావన దెబ్బతినదా అన్నది రెండోది.

నేను ముప్పై ఏళ్లకు పైగా హన్మకొండలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పాను. మధ్యలో రెండు సినిమాలకు, ఒక సీరియల్‌కు డైలాగుల్లో యాస సరిచూసే పని చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. వెక్కిరింత తగ్గింది. మూస మాత్రం అలాగే ఉంది, లోపల పోసే లోహం మారింది.

మూస అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఆదిలాబాద్ వైపు ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోస్తారు. మట్టితో లోపలి రూపం చేసి, దాని మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితేనే బొమ్మ చేతికి వస్తుంది. ఒక్క మూసకు ఒక్కటే బొమ్మ. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చం ఒకేలా ఉండవు. సినిమాలు, సీరియళ్లు, టీవీ ప్రకటనలు వాడే మూసను ఎవరూ పగలగొట్టరు. పనిమనిషి కావాలన్నా, రౌడీ కావాలన్నా, ఊరి నుంచి వచ్చిన అమాయకుడు కావాలన్నా అదే తీసి మళ్లీ పోస్తారు. ఆ బొమ్మ అందంగా ఉందా, వికారంగా ఉందా అన్నది నాకు రెండో సంగతి. ఏ పనికి ఎవరిని పెట్టారన్నదే మొదటి సంగతి. కథలో ప్రేమించే పని, న్యాయం చెప్పే పని, ఆలోచించే పని ఏ మాట మాట్లాడేవాళ్లకు ఇచ్చారు? నవ్వించే పని, తన్నులు తినే పని ఎవరికి ఇచ్చారు?

మీ అబ్బాయి విషయంలో ఏం జరిగిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది నా కళ్ల ముందే తయారవుతుండగా చూశాను. ఒక సినిమాలో కథ వరంగల్ దగ్గరి పల్లెలో జరుగుతుంది. తండ్రి పోయిన తర్వాత పెద్దకొడుకు తల్లి దగ్గర కూర్చుని ఒక మాట అంటాడు. నేను రాసిచ్చింది: "బాపు మొన్ననే అచ్చి పోయిండే అవ్వా." సహాయ దర్శకుడు నాలుగుసార్లు చదువుకున్నాడు. మంచి కుర్రవాడు, మనసులో ఏ దురుద్దేశమూ లేదు. "సార్, ఇది తెలంగాణ అని జనానికి ఎలా తెలుస్తుంది? గిట్ల, గట్ల, బై లాంటివి రెండు పడాలి" అన్నాడు. బై అన్నది పట్నంలో దోస్తులు అనుకునే మాట, కొడుకు తల్లితో అనడని చెప్పాను. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల్లో 'వచ్చిండు'ను 'అచ్చిండు' అంటారని, ఉత్తర తెలంగాణకు అదే అసలైన గుర్తు అని చెప్పాను. "అచ్చిండు అంటే డబ్బింగ్‌లో తప్పు పలికాడనుకుంటారు సార్" అన్నాడు. చివరికి తెర మీద పడింది: "బాపు గిట్ల మొన్ననే వచ్చిండు అమ్మా." ఆ వాక్యంలో గిట్ల అనే మాటకు అర్థమే లేదు. అది అర్థం కోసం పెట్టింది కాదు, అద్దకం కోసం పెట్టింది.

మీ అబ్బాయి స్నేహితులు విన్న తెలంగాణ మాట అదే. తెర మీద తయారైన ఆ మాటకు వాళ్ల చెవి అలవాటు పడింది. నిజంగా ఇంట్లో పుట్టిన 'అచ్చిండు' వినబడేసరికి దాన్ని పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర కమెడియన్ తప్ప ఇంకెవరూ లేరు. హీరో మన భాష మాట్లాడుతున్నాడని మనం సంతోషపడుతున్న రోజుల్లో కూడా, మన భాషలో సగం ఇంకా తెర మీదికి రానేలేదు.

ఈ నవ్వు కొత్తది కాదు. నవ్వేవాళ్లు మారుతూ వచ్చారు, అంతే. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది, సంఘ సంస్కర్త కార్వే గారు అధ్యక్షులు. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అప్పుడు నవ్వింది తెలుగు రానివాళ్లు. తర్వాత కొన్నేళ్లకు తెలుగువాళ్లే నిజాం రాజ్యంలో తెలుగు కవులు 'పూజ్యం', అంటే సున్నా, అన్నారు. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనతో జవాబు చెప్పలేదు. ఊరూరికీ అడిగి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. మూసకు నేను చూసిన జవాబుల్లో అంత గట్టిది ఇంకొకటి లేదు. కోపం తెచ్చుకోకుండా పేర్లు, ఊళ్లు, పద్యాలు ముందు పెట్టడం.

మరి అంతమంది రాసేవాళ్లు ఉండి కూడా సినిమా భాష మనది ఎందుకు కాలేదు? ఎవరో కుట్ర చేశారని నేను అనుకోను. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే. చదువుకున్న మనవాళ్ల కలం ఉర్దూ వైపు నడిచింది. తెలుగు అచ్చు పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా కోస్తా నుంచి వచ్చాయి. సినిమా మద్రాసులో పెరిగింది, రాసినవాళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్లు. వాళ్లింట్లో మాట్లాడుకున్నదే శిష్టమైంది. మనది యాస అయింది, ఉర్దూ కలిసినందుకు తురక తెలుగు అయింది. మన మడికొండలో పెరిగిన కాళోజీ గారు జీవితమంతా పోట్లాడింది ఈ రెండున్నర జిల్లాల భాష పెత్తనం మీదే. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు బడుల్లో జరిగే వక్తృత్వ పోటీల్లో పిల్లలు మాట్లాడేది మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పుస్తక భాషే.

ఒకసారి మూస పడ్డాక అది ఎంత మొండిగా ఉంటుందో చూడండి. సినిమా వ్యాపారంలో నేటికీ మన ప్రాంతం పేరు 'నైజాం', రాయలసీమ పేరు 'సీడెడ్', అంటే ఇచ్చేసినది. సీమ జిల్లాలను నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. నిజాం పాలన 1948లో పోయింది. వసూళ్ల పట్టికలో ఆ రెండు పేర్లూ ఇంకా ఉన్నాయి.

తెర మీద కూడా అంతే. 1985లో వచ్చిన ప్రతిఘటన సినిమాలో దుష్ట రాజకీయ నాయకుడు తెలంగాణ మాట మాట్లాడతాడు, ఆ పాత్ర గొప్పగా పండింది. పండింది కాబట్టే ఆ తర్వాత ప్రతివాడూ అదే మూస తీశాడు. 2017లో ఫిదాలో బాన్సువాడ అమ్మాయి అదే మాటతో ప్రేమించింది, అలిగింది, పెళ్లి విషయంలో తన మాట నెగ్గించుకుంది. పోలిక కోసం ఈ రెండూ చెప్పాను. ముప్పై రెండేళ్లలో ఆ భాషకు ఇచ్చిన పని మారింది. ఆ మార్పు వెనుక ఒక ఉద్యమం, ఒక కొత్త రాష్ట్రం ఉన్నాయి. సినిమా దానంతట అది మారలేదు.

కానీ ఇప్పుడు కొత్త మూస తయారవుతోంది. తెలంగాణ అంటే మటన్, కల్లు, గుడంబా, గట్టిగా అరిచే మంచి మనసు, మాటకు ముందు కొట్లాట. వినడానికి పొగడ్తలా ఉంటుంది. మావాళ్లు థియేటర్‌లో ఈలలు వేస్తారు. నాకు మాత్రం ఇబ్బందిగానే ఉంటుంది. ఇందులో లెక్కలు బాగా చెప్పే తెలంగాణ పిల్ల ఎక్కడ? మితంగా మాట్లాడే పోస్ట్‌మాస్టర్ ఎక్కడ? మా వీధిలో ఇద్దరూ ఉన్నారు.

బలగం సినిమా దీనికి భిన్నంగా కనిపించింది. 2023లో ఊళ్లలో తెర కట్టి జనమంతా కలిసి చూశారు. చావు, పిట్టకు పెట్టడం, అన్నదమ్ముల పంతాలు. సిరిసిల్ల వైపు ఒక ఇంట్లో జరిగినట్టు చెప్పారు, 'తెలంగాణ ఇలా ఉంటుంది' అని ఎక్కడా చాటలేదు. చివర పాట పాడినవాళ్లు మన వరంగల్ జిల్లా దుగ్గొండి ప్రాంతపు బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ. చావింట కథ చెప్పడం వాళ్లకు తరాలుగా వచ్చిన పని. ఆ పాటలో గిట్ల, గట్లల అద్దకం అవసరం పడలేదు.

ఇక దేశం సంగతి. నాకు 1987 గుర్తుంది. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం. హన్మకొండలో మా గల్లీలో ఒక్కటే టీవీ. మా పక్కింట్లో ఉర్దూ మీడియంలో చదువుకున్న పాత పట్వారీ ఉండేవారు. హిందీ సినిమా వస్తే డైలాగులన్నీ ఆయనే మాకు తెలుగులో చెప్పేవారు, గల్లీలో ఆయనే దుబాసీ. రామాయణం మొదలయ్యాక ఆయన మాట తడబడింది. అందులో హిందీ నిండా సంస్కృతం. పద్యాలు బట్టీ పట్టిన ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ మాటలు తెలిసేవి, ఆయనకు తెలియలేదు. రెండు మూడు వారాలకు ఆయనే పిల్లల్ని "ఏమన్నడురా?" అని అడగడం మొదలుపెట్టారు. మిగతా దేశంతో మాట్లాడటానికి తన దగ్గర ఒక భాష ఉందని ఆయన జీవితమంతా నమ్మారు. ఆ ఆదివారాలు దేశానికి ఒక భాషను, ఒక రాముడి ముఖాన్ని ఇచ్చాయి. ఆయన ఉర్దూను పక్కన కూర్చోబెట్టాయి. ఎవరూ ఆయన్ని అవమానించలేదు. అయినా ఆయన ముఖం నేను మరిచిపోలేదు.

జాతీయ గుర్తింపు ఇలాగే తయారవుతుంది. అందరం ఒకే సమయంలో ఒకే బొమ్మ చూస్తాం, ఆ బొమ్మలో లేనిది మెల్లగా ఇంటి విషయం అయిపోతుంది. దీనివల్ల మేలు లేదని అనను. ఆ ఆదివారాలు మేమూ దేశంలో ఉన్నామనిపించాయి. కానీ ఆ బొమ్మలోకి వెళ్లేటప్పుడు ఒక్కో ప్రాంతం దగ్గర ఏమేం వదిలించుకున్నారో చూడాలి.

మేడారం జాతర తీసుకోండి. మీరూ వెళ్లే ఉంటారు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, గద్దె మీద వెదురు కర్రలుంటాయి, విగ్రహం లేదు. మొక్కు బెల్లం, దాన్ని బంగారం అంటాం. తెచ్చేదీ, పూజ చేసేదీ వడ్డెలు అనే కోయ పూజారులే. టీవీ దీన్ని చెప్పేటప్పుడు మొదటి మాట 'తెలంగాణ కుంభమేళా'. పోస్టర్లలో సమ్మక్కకు కిరీటం పెట్టి పులి మీద కూర్చోబెడతారు. దేశానికి అర్థం కావాలంటే దేశానికి ముందే తెలిసిన బొమ్మలా కనిపించాలి అన్నమాట. కాకతీయులతో పోరాడిన ఆడమనిషి కథ ఇది. ఆ కాకతీయుల తోరణం మన రాష్ట్ర చిహ్నంలో ఉంది, వాళ్లతో పోరాడిన సమ్మక్క జాతర మన రాష్ట్ర పండుగ. ఈ రెండూ ఒకే చోట ఎలా ఇముడుతున్నాయని ఒక్క కార్యక్రమమైనా అడిగితే ఎంత బాగుంటుందో.

గోండు వీరుడు కొమురం భీం సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆయన్ని ప్రపంచమంతా చూసింది. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ కల్పన అని దర్శకుడే చెప్పారు, అందులో దాపరికం లేదు. ఆ సినిమా పాటకు ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ గారిది మన భూపాలపల్లి జిల్లా చల్లగరిగె, మా అందరికీ అది గర్వమే. అయినా చెప్పాల్సింది చెబుతాను. చరిత్రలో భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులతో పోరులో చనిపోయారు. గొడవ అడవి మీద. పోడు, పశువుల మేత, అటవీ సిబ్బంది వేధింపులు. సినిమాలో ఆయన ఢిల్లీకి వెళ్లి ఇంగ్లీషు గవర్నర్‌తో పోరాడతాడు. శత్రువు మారగానే కథ దేశమంతటిదీ అయింది. ఇంగ్లీషువాడు వెళ్లిపోయాడు కాబట్టి ప్రేక్షకుడు ఇంటికి తృప్తిగా వెళ్తాడు. ఆసిఫాబాద్ గూడేల్లో పోడు భూమి పట్టా కోసం అటవీ శాఖతో గొడవ పడుతున్న గోండు రైతుకు ఆ తృప్తి లేదు.

సినిమా చివర్లో భీం తనవాళ్లకు చదువు కావాలని రెండో హీరో రామరాజును అడుగుతాడు, రామరాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' (నీరు, అడవి, భూమి) అని రాసిస్తాడు. ఆ మూడు మాటలూ ఆదిలాబాద్‌లో భీం పేరుతో చెప్పుకునేవి. అవి ఇంకొకరి చేతి రాతగా కనిపించిన చోట నాకు కష్టమనిపించింది. జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వమే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులు తయారయ్యారు, గోండిలో వాచకాలు వచ్చాయి. అంటే చదువు వాళ్ల భాషలోనే మొదలైంది. సినిమాలో గోండులు తెలుగే మాట్లాడతారు.

సినిమా కంటే ముందు మన దగ్గర జనం చూసే బొమ్మలు ఎలా ఉండేవో తెలిస్తే తేడా బాగా అర్థమవుతుంది. కథ చెప్పడానికి గుడ్డ మీద గీసే చేర్యాల నకాషీ పటాలు పదుల అడుగుల పొడవు ఉంటాయి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెబుతారు, మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం చెబుతారు. ఎవరి గురించి కథో వాళ్లే ఎదురుగా కూర్చుంటారు, గింజలు పెట్టేదీ వాళ్లే. తప్పు చెబితే అక్కడే లేచి అడుగుతారు. ఆ ఏర్పాటులో కులం గీతలు గట్టిగా ఉన్నాయి, దాన్ని తిరిగి తెమ్మని నేను అనను. కానీ ఎవరి బొమ్మ గీశామో వాళ్ల ముందు దాన్ని విప్పి చూపాల్సి రావడం గీసేవాడి చేతిని అదుపులో పెడుతుంది. ఇంతకాలం సినిమావాళ్లకు ఆ అవసరం లేకపోయింది. ఇప్పుడు ఫోన్లు ఉన్నాయి కాబట్టి మెల్లగా వస్తోంది.

ఇది ఒక వైపు మాత్రమే చెప్పి ఆపితే అన్యాయం. మేమూ ఇదే పని చేశాం. మా కాలేజీ వార్షికోత్సవానికి ప్రతి ఏడాదీ మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చిన లంబాడా ఆడపిల్లల పేర్లు అడగకుండానే డాన్సు జాబితాలో రాసేవాళ్లం. అద్దాల లంగా, గాజులు, గుండ్రంగా తిరగడం. ఒక ఏడాది ఒక అమ్మాయి వచ్చి, "సార్, నాకు డాన్సు రాదు, ఢావ్లో వచ్చు" అంది. పెళ్లయి వెళ్లిపోయే పిల్ల ఏడుస్తూ పాడే పాట అది. క్లాసులో పాడమన్నాను. బెంచీలు కదిలిన చప్పుడు కూడా లేదు. తర్వాత ఒక్కో చరణానికి తెలుగు చెప్పింది. అమ్మా, నీ వాకిట్లో ఆవుకున్న చోటు నాకు లేకపోయిందా అన్న అర్థం. ముప్పై ఏళ్లుగా ఆ జాబితా రాసింది నేనే.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. ఇవి అడిగితే దేశం పలచబడదు. మద్రాసీ అనే మాటనే చూడండి. వరంగల్ ఏనాడూ మద్రాసు రాష్ట్రంలో లేదు, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ మాట అన్న పిల్లవాడికి ఈ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు, సినిమా అసలే చెప్పలేదు. తెలియని వాణ్ణి శత్రువుగా చూడొద్దని మీ అబ్బాయికి చెప్పండి.

ఇంకొకటి. ఆ పిల్లల్లో ఎవరైనా బిహార్ నుంచో తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చి ఉంటే, రాత్రి వాళ్లమ్మకు ఫోన్ చేసినప్పుడు ఏ భాషలో మాట్లాడుతున్నాడో వినమనండి. భోజ్‌పురీయో, మగహీయో, మైథిలీయో అయి ఉంటుంది. హిందీ సినిమాల్లో భోజ్‌పురీని ఎన్నో ఏళ్లు నౌకర్లకు, పాన్ షాపు వాళ్లకు, నవ్వించేవాళ్లకు ఇచ్చారు. నేను ఒకసారి కాజీపేటలో ఎక్కి ఢిల్లీ వెళ్తుంటే ఎదురు బెర్తులో ఒక ఛాప్రా కుర్రవాడు ఇంటికి ఫోన్ చేసి, నన్ను చూసి గొంతు తగ్గించుకున్నాడు. ఎందుకని అడిగితే, కాలేజీలో ఆ మాట విని నవ్వుతారని చెప్పాడు. నాగపూర్ దాటేదాకా 'అచ్చిండు' గురించి నేను చెప్పాను, వాళ్ల మాటల గురించి అతను చెప్పాడు.

సెమినార్‌లో, పరీక్షలో పుస్తక భాష రాయడం మీ అబ్బాయికి ఎలాగూ వస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం మీరు అతనితో పుస్తక భాష మాట్లాడకండి. "బాపు అచ్చిండా?" అని అతను అడిగితే, "అచ్చిండు బిడ్డా, అన్నం తింటుండు" అనే చెప్పండి.